నాలుగు వేల పైన

గాజువాకలో నెట్ సెంటర్ మూసేసినప్పుడు
మా తోడల్లుడు ఏడో నంబరు కంప్యూటర్ని ఆటోలో పంపించాడు.
మానిటర్ నుదుటి మీద 7 అంకె ఇంకా అలాగే ఉంది, బొట్టులా.
కొన్ని అక్షరాలు జనాల వేళ్ళకి అంటుకుని పోయాయి.
రిజల్టులు చూసుకున్న పిల్లల చెమట, హాల్‌టికెట్ల తొందర
మీటల సందుల్లో నల్లగా పేరుకుంటే
పాత టూత్‌బ్రష్‌తో తోమాను.

మల్కాపురంలో రెండు గదులు మావి.
ఒకదాంట్లో బియ్యం డ్రమ్ము, దాని పక్కన నా స్టూడియో.
ఆ మాట నేనన్లేదు. పైవాటా లోహిత అంది, నవ్వుతూ.
"మావయ్యా, ఇవి గళ్ళు. గడికో దెబ్బ. నచ్చిన చోట చుక్క పెట్టు."
చుక్కలు నాకు కొత్త కాదు.
ఇరవయ్యారేళ్ళు షిప్‌యార్డులో రేకుల మీద
సుద్దతో గీత గీసి, పంచ్‌తో చుక్క కొట్టి కోసినవాణ్ణి.
మిల్లీమీటరు తప్పితే ఓడ ఒప్పుకోదు.
పాట ఒప్పుకుంటుందట. కొంచెం తప్పితేనే ప్రాణం వస్తుందట.
ఇది నమ్మడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మొదట్లో డప్పొక్కటే.
ఫ్యాను టక్కుటక్కుకి టెంపో కట్టాను, తొంభై రెండు.
మీట నొక్కాక చప్పుడు ఆలస్యంగా వచ్చేది.
లోహిత కంగారుగా సెట్టింగులు వెతికింది.
నాకది పాత చుట్టమే:
స్లిప్‌వే ఆ చివర గురవయ్య సమ్మెట దించితే
దెబ్బ కంటికి ముందు, చెవికి తరవాత.
ఆ సందులో బీడీ వెలిగించొచ్చని మావాళ్ళ కోతలు.

తరవాత తాళాల్లాంటి సన్నది ఒకటి వెయ్యమంది, హైహ్యాట్.
వేశాను. వినపడలేదు. పెంచాను.
ఇంకా పెంచాను.
లోహిత చెవులు మూసుకుంది:
"చెవిలో ఇసక పోసినట్టుంది మావయ్యా!"
వంటింట్లోంచి పైడిరత్నం గరిటెతో సహా వచ్చింది: "ఏటా గోల? ఆపీ!"
నాకేమో గదిలో ఏ గోలా లేదు.
తెర మీద మాత్రం ఆకుపచ్చ గీత మిడతలా ఎగురుతోంది.

ఆ రాత్రి ఒక్కణ్ణే కూర్చుని
ఒకే కూతని కింది నుంచి పైకి నెట్టుకుంటూ పోయాను.
వంద, డాక్‌లో మోటారు గురక.
ఐదొందలు. వెయ్యి.
రెండున్నర వేలు, కుక్కరు విజిలుకి దగ్గర్లో.
మూడు వేలు, పలచబడింది.
నాలుగు వేలు.
ఆ పైన, సైరన్ కూసి అందరూ వెళ్ళిపోయిన యార్డు.
కిటికీలో యారాడ కొండ మీద లైటు తిరుగుతోంది, చప్పుడు లేకుండా.

డాక్టరు ఎప్పుడో ఫైల్లో రాసిన మాట,
దూది పెట్టుకోమంటే మేం నవ్విన నవ్వు,
ట్యాంకు కడుపులో చిప్పింగ్ చేసిన ఎండాకాలాలు,
అన్నీ కలిపి ఎంత వెడల్పో తెర మీద కొలిచాను.
నాలుగు వేళ్ళు.
ఏడుపు రాలేదు. రేకు కొలిచేటప్పుడు ఏడుస్తామా.

మర్నాడు పైడిరత్నాన్ని బియ్యం డ్రమ్ము మీద కూర్చోబెట్టాను.
"ఇసకలా ఉంటే చెయ్యెత్తు. బావుంటే దించు."
"పాటల సంగతి నాకేటి తెల్సు?"
"మొప్ప చూసి చేప చెప్తావుగా. అలాగే."
చెయ్యెత్తింది. తగ్గించాను. ఎత్తే ఉంచింది. తగ్గించాను.
క్రేన్‌కి సైగలు చేసే కన్నబాబు గుర్తొచ్చాడు.
ఆ హోరులో నోరు పనికిరాదు,
ఇరవై టన్నుల రేకు అతని అరచేతిని చూసుకునే దిగేది.
మెల్లగా ఆమె చెయ్యి ఒళ్ళోకి దిగింది.
అక్కడ ఆపేశాను.

పాట రెండు నిమిషాల పదకొండు సెకన్లు.
పేరు తోచక ఏడో నంబరు అని సేవ్ చేశాను.
ఒకటీ నలభై దగ్గర డప్పు ఆగిపోతుంది,
ఆ సన్నది ఒక్కటే మిగులుతుంది.
అంటే అక్కడ పది సెకన్లు నాకేమీ ఉండదు.
పైడిరత్నం కాలి మట్టె డ్రమ్ము రేకుని తాకుతుంటుంది.
అదీ వినపడదు. కనపడుతుంది.
లెక్కపెట్టుకుంటూ,
డప్పు కోసం సిద్ధంగా ఉంటాను.